సంఘాల మీద లేచిన ఊరు

సింగపూర్‌లో దిగిన తెలుగువాళ్లు ఇల్లు కుదరగానే చేసే పని, ఫోన్‌లో తెలుగువాళ్లెక్కడున్నారో వెతకడం. 1975లో పుట్టిన సింగపూర్ తెలుగు సమాజం వెంటనే కనిపిస్తుంది. ఉగాది ఎక్కడ జరుపుతారు, పిల్లలకు తెలుగు ఎవరు నేర్పుతారు లాంటివన్నీ ఒక్క సాయంత్రంలో తెలిసిపోతాయి. చాలామంది అక్కడితో ఆగిపోతారు. ఇంకొంచెం వెతికితే ఈ దేశం ఎలా ఏర్పడిందో కూడా తెలుస్తుంది. అది తెలుసుకోకుండా ఇక్కడ ఏళ్లకేళ్లు బతికేయడం నాకు అన్యాయంగా తోస్తుంది.

ఇక్కడ పదిమందికి తగ్గకుండా సభ్యులున్న సంఘమేదైనా ప్రభుత్వం దగ్గర నమోదు కావాలి. ఆ పట్టికను ఇంట్లో కూర్చుని ఎవరైనా చూడొచ్చు. చైనీయుల ఇంటిపేరు సంఘాలు, గుడి కమిటీలు, చదరంగం ఆడేవాళ్లు, అడవుల్లో పక్షుల్ని చూసేవాళ్లు, అందరూ అందులో ఉంటారు. కొత్తగా వచ్చినవాళ్లకు ఇంతకంటే మంచి దారి లేదు. అయితే ఆ నమోదు మొదలైంది మనలాంటి వాళ్ల సౌకర్యం కోసం కాదు, భయం వల్ల.

1819లో ఆంగ్లేయులు రేవు తెరిచాక దక్షిణ చైనా నుంచి మగవాళ్లు వేలల్లో వచ్చారు. ఓడ కిరాయి చేతిలో లేక, అప్పు మీద ఎక్కి, దిగాక చాకిరీతో తీర్చేవాళ్లు. వాళ్ల జ్వరానికి, ఆకలికి, చావుకి ప్రభుత్వం పూచీ పడలేదు. ఆ బరువంతా సంఘాలు మోశాయి. ఒకే జిల్లా వాళ్లు, ఒకే యాస వాళ్లు, ఒకే ఇంటిపేరు వాళ్లు కలిసి ఒక చోటు ఏర్పాటు చేసుకునేవాళ్లు. పడుకోవడానికి జాగా, పనికి సిఫారసు, ఇంటికి ఉత్తరం, చివరికి అంత్యక్రియలు, అన్నీ ఆ సంఘమే చూసేది. పరాయి నేల మీద పోతే నా పీనుగ ఎవరు మోస్తారన్న దిగులుకు ఆ సంఘమే జవాబు. నింగ్ యెంగ్ సంఘం 1822 నాటిది. హొక్కియెన్ సంఘం 1840లో, తెలోక్ అయ్యర్ వీధిలో అప్పుడు కడుతున్న తియాన్ హాక్ కెంగ్ గుడిలో మొదలైంది. ఆ రోజుల్లో గుడి ముందే సముద్రం. ఓడ దిగినవాళ్లు సముద్రదేవతకు దండం పెట్టుకుని ఊళ్లోకి నడిచేవాళ్లు. తర్వాత సముద్రాన్ని పూడ్చేశారు. ఇప్పుడు గుడి ఎదుట భవనాలే.

వీటి పక్కనే రహస్య సంఘాలూ పెరిగాయి. ఘీ హిన్ వాటిలో పెద్దది. అన్నం పెట్టిన చేయే వసూళ్లూ చేసింది, జూదాన్నీ నల్లమందునీ నడిపించింది. 1854లో హొక్కియెన్ యాస వాళ్లకూ తియోచ్యూ యాస వాళ్లకూ జరిగిన కొట్లాటల్లో వందలమంది చచ్చిపోయారు. 1877లో చైనీయుల వ్యవహారాలకు ప్రత్యేక కార్యాలయం పెట్టి, చైనీస్ మాట్లాడగల, చదవగల విలియం పికరింగ్‌ను అధికారిగా వేశారు. 1887 జులైలో ఒక వడ్రంగి ఆయన కార్యాలయంలోనే గొడ్డలి విసిరి నుదురు పగలగొట్టాడు. 1889లో సంఘాల చట్టం వచ్చింది. మరుసటి ఏడాది నుంచి నమోదు తప్పనిసరైంది, రహస్య సంఘాలు రద్దయ్యాయి. ఇందులో ఆంగ్లేయుల తప్పే పెద్దదని నా అభిప్రాయం. నల్లమందు గుత్తల ఆదాయంతో ఖజానా నింపుకున్నన్నాళ్లూ వాళ్లు చూసీ చూడనట్టు ఊరుకున్నారు.

అణచివేత తర్వాతా మంచి సంఘాలు చావలేదు. 1953లో హొక్కియెన్ సంఘం అధ్యక్షుడు, రబ్బరు వ్యాపారి తాన్ లార్క్ సై, చైనీస్ భాషలో చదువు చెప్పే విశ్వవిద్యాలయం కావాలని పిలుపునిచ్చాడు. తన వంతు యాభై లక్షల డాలర్లు ప్రకటించాడు. సంఘం జురోంగ్‌లో ఐదువందల ఎకరాలకు పైగా భూమి ఇచ్చింది. రిక్షా తొక్కేవాళ్లు ఒక రోజు సంపాదన మొత్తం చందాగా వేశారు. 1956లో నాన్యాంగ్ విశ్వవిద్యాలయంలో తరగతులు మొదలయ్యాయి. 1980లో దాన్ని మరో విశ్వవిద్యాలయంతో కలిపేశారు. తాన్ లార్క్ సై పౌరసత్వాన్ని అంతకుముందే, రాజకీయ కారణాలతో ప్రభుత్వం తీసేసింది. రిక్షావాళ్ల చందా గురించి చదివినప్పుడల్లా నాకు గుండె బరువెక్కుతుంది.

స్వపరిపాలన వచ్చాక ప్రభుత్వం తానే సంఘం పాత్ర తీసుకుంది. 1960లో పీపుల్స్ అసోసియేషన్ పెట్టి పేటపేటకూ కమ్యూనిటీ సెంటర్లు నడిపింది. గుడిసెలు పోయి ఫ్లాట్లు వచ్చాయి. 1989 నుంచి ప్రతి ప్రభుత్వ ఫ్లాట్ల బ్లాకులోనూ ఏ జాతివాళ్లు ఎంత శాతానికి మించకూడదో నిబంధన ఉంది. కాబట్టి ఇక్కడ తెలుగువాళ్ల వీధి అంటూ ఏర్పడే వీలు లేదు. ఇరుగుపొరుగున దొరకని మనిషిని ఫోన్‌లో వెతుక్కోవడం అందుకే ఇక్కడ ఇంత ముఖ్యం.

మనుషుల్ని వెతికినట్టే పాత రోజుల్నీ వెతకొచ్చు, దానికి గ్రంథాలయం ఉంది. జాతీయ గ్రంథాలయ బోర్డు పాత పత్రికల్ని ఇంటర్నెట్‌లో పెట్టింది. 1845లో మొదలైన స్ట్రెయిట్స్ టైమ్స్ తొలి రోజుల నుంచీ చదవొచ్చు. తమిళుల పుస్తకాలు 2015లో డిజిటల్ రూపంలోకి వచ్చాయి, నాటకాలు, సంగీతం, నాట్యం ఆ తర్వాత వచ్చాయి. తమిళ సమాజమే పూనుకుని, ఇళ్లలో ఉన్న కాగితాలు సేకరించి ఇచ్చింది. తెలుగు కోసం వెతికితే మాత్రం దొరికేది చాలా తక్కువ. పాత లెక్కల్లో మనం ఎక్కువగా భారతీయుల్లో కలిసిపోయాం. తమిళం ఇక్కడ అధికార భాష. హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూలకు బడిలో చోటుంది, తెలుగుకు ఆ జాబితాలో చోటు లేదు.

అయినా మనవాళ్లు ఈ వైపు రాకపోలేదు. విశాఖ, శ్రీకాకుళం ప్రాంతాల నుంచి ఎందరో పక్కనే ఉన్న మలయా రబ్బరు తోటలకు వెళ్లారు. అక్కడి తెలుగువాళ్లు 1955లోనే ఆంధ్ర సంఘం పెట్టుకున్నారు. వాళ్ల ఉత్తరాలు, ఓడ టికెట్లు, మనియార్డర్ రసీదులు, ఫోటోలు మన ఊళ్లలోనే ఏ అటక మీదో ఉండి ఉంటాయి. మీ ఇంట్లో ఉంటే పారేయకండి. వాటి వెనుక పేరు, ఊరు, ఏడాది రాసి, ఫోటో తీసి, ఇక్కడి తెలుగు సంఘానికో గ్రంథాలయానికో పంపండి.