నక్షత్రం ఎటు తిరుగుతోంది? ఒక పాత నాయిస్ కథ

గ్రహాల వేటగాళ్ళకి నక్షత్రం తన చుట్టూ తాను తిరగడమంటే తలనొప్పే. నక్షత్రపు వెలుగుని వర్ణపటంగా విడదీసి, అందులో గీతలు ఎటు జరిగాయో చూసి దాని ఊగిసలాట కొలుస్తారు. అది మరీ జోరుగా తిరుగుతుంటే గీతలు అలుక్కుపోతాయి. మన భాషలో నాయిస్ అన్నమాట.

ఆ నాయిస్‌లోనే సరుకుందని 1893లో హోల్ట్ అనే ఆయన చెప్పాడు (జంట నక్షత్రాల గురించి లెండి). తిరిగే నక్షత్రంలో ఒక పక్క మనవైపు వస్తుంటుంది, దాని వెలుగు నీలం వైపు జరుగుతుంది. రెండో పక్క దూరంగా పోతుంటుంది, అది ఎరుపు వైపు. అడ్డొచ్చింది ముందు నీలం పక్కని మూస్తే, మిగిలిన వెలుగులో ఎరుపు పాలు ఎక్కువై నక్షత్రమే దూరంగా పోతున్నట్టు కనిపిస్తుంది. కాసేపటికి దగ్గరికొస్తున్నట్టు. నిజానికది ఎక్కడికీ పోలేదు! 1924లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో రోసిటర్ బీటా లైరేలోనూ, మెక్‌లాలిన్ ఆల్గాల్‌లోనూ దీన్ని చూపించారు. పేరు వాళ్ళిద్దరిదే నిలిచింది. హోల్ట్‌ని తలిచేవాళ్ళు తక్కువ, పాపం.

గ్రహాల దాకా రావడానికి ఇంకో 76 ఏళ్ళు పట్టింది. హెచ్‌డీ 209458 ముందునించి గ్రహం వెళ్ళడం 1999లో కనిపిస్తే, 2000లో కెలోజ్ బృందం ఫ్రాన్సులోని ఎలోడీ పరికరంతో ఈ ఎఫెక్టుని పట్టింది. గ్రహమూ నక్షత్రమూ ఒకే దిక్కున తిరుగుతున్నాయి. అందరూ హమ్మయ్య అనుకున్నారు. ఒకే పళ్ళెంలాంటి మేఘం నించి అన్నీ పుట్టాయని లాప్లాస్ 1796లోనే అన్నాడు కదా. మన సూర్యుడి వాలు కూడా భూకక్ష్యతో పోలిస్తే 7 డిగ్రీలే.

2009లో వాస్ప్-17 వచ్చి ఆ ధీమా పోగొట్టింది. సిగ్నల్ తలకిందులు: ముందు ఎరుపు పక్క మూసుకుంది. అంటే గ్రహం ఎదురుదిక్కున తిరుగుతోంది! నక్షత్రాన్ని అంటిపెట్టుకుని తిరిగే ఈ భారీ గ్రహాలు మేఘంలోనే మెల్లగా లోపలికి జారాయా, లేక ఇంకేదో లాగి విసిరేసిందా అన్న తగాదా అప్పట్నించీ ముదిరింది. నా ఓటు రెండోదానికే, కనీసం వాస్ప్-17 విషయంలో.

గీతలు బాగా అలుక్కుపోయే నక్షత్రాలకి మరో దారుంది, అదీ 1924 సరుకే. జోరుగా తిరిగే నక్షత్రం నడుము ఉబ్బి చల్లబడుతుందని, ధ్రువాలు ఎక్కువ వెలుగుతాయని ఫాన్ జైపెల్ లెక్కగట్టాడు. కెల్ట్-9 సుమారు 16 గంటలకో చుట్టు తిరుగుతుంది. 2020లో టెస్ డేటా చూస్తే, గ్రహం ధ్రువం దగ్గర మొదలై నడుము వైపు పోయేకొద్దీ మూసే వెలుగు తగ్గిపోతోంది. ఆ వంకర గ్రాఫు నించే కక్ష్య దాదాపు ధ్రువాల మీదుగా ఉందని లాగారు.