కొండల నడుమ విశాఖ.. కదలని ధూళి

విశాఖపట్నం: నైరుతి గాలి తిరిగిందంటే పాతనగరంలో కిటికీ తలుపులు మూతపడతాయి. డాబాపై ఆరవేసిన బట్టలకు, వరండాలోని కుర్చీలకు, తులసి ఆకులకు నల్లని పొర అంటుకోవడం అక్కడివారికి కొత్త కాదు. ఓడరేవు యార్డుల్లోని బొగ్గు గుట్టల నుంచి లేచే ధూళి అది. నగరాల్లో గాలి కాలుష్యం అనగానే వాహనాల పొగ గురించే చెప్పుకోవడం పరిపాటి. విశాఖలో అంతకంటే ముందుగా చూడవలసినవి రెండున్నాయి. ఒకటి నగరం వెలసిన నేల తీరు, రెండోది జనావాసాల పక్కనే సాగే సరుకు రవాణా.

గిన్నెలాంటి నేల

ఉత్తరాన కైలాసగిరి కొండల వరుస, దక్షిణాన యారాడ కొండ, తూర్పున బంగాళాఖాతం. వీటి నడుమ పల్లంలో ఓడరేవు, చమురు శుద్ధి కర్మాగారం, ఎరువుల కర్మాగారం, రైల్వే యార్డులు, వాటిని ఆనుకుని లక్షలాది ఇళ్లు ఉన్నాయి. పగటిపూట సముద్రపు గాలి పొగను, ధూళిని లోపలి ప్రాంతాలకు నెడుతుంది. ఆ చల్లని గాలి నేలకు దగ్గరగా పలుచని పొరలా వ్యాపించడంతో పొగ పైకి లేచి చెదిరిపోయే వీలు తగ్గుతుంది. రాత్రికి గాలి దిశ మారి నేల నుంచి సముద్రం వైపు వీస్తుంది. పగలు పోయినదానిలో కొంత తిరిగి నగరం మీదికే వస్తుంది.

చలికాలంలో పరిస్థితి మరింత విషమిస్తుంది. రాత్రిళ్లు నేల త్వరగా చల్లబడటంతో కింద చల్లని గాలి, దానిపైన వెచ్చని గాలి పేరుకుని గిన్నెకు మూత పెట్టినట్లవుతుంది. మల్కాపురం, శ్రీహరిపురం, గాజువాక ప్రాంతాల్లో తెల్లవారుజామున కమ్ముకునేదంతా మంచేనని అనుకోవడానికి లేదు.

ఒకదాని వెంట ఒకటి

ఓడరేవు 1933లో ప్రారంభమైంది. 1957లో కాల్టెక్స్ చమురు శుద్ధి కర్మాగారం వచ్చింది. నేటి హెచ్‌పీసీఎల్ రిఫైనరీ అదే. 1960వ దశకంలో ఎరువుల కర్మాగారం, బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని తెచ్చే కొత్తవలస-కిరండోల్ రైలు మార్గం ఏర్పడ్డాయి. 1976లో ఔటర్ హార్బరు సిద్ధమైంది. 1992లో ఉక్కు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. 2009లో దాని పక్కనే గంగవరం ఓడరేవు మొదలైంది. 2011 జనాభా లెక్కల నాటికే మహా విశాఖ నగరపాలక సంస్థ పరిధిలో 17 లక్షల మందికి పైగా ఉన్నారు.

పరిశ్రమలు ముందు వచ్చాయి, ఇళ్లు తర్వాత కట్టుకున్నారన్న వాదన తరచూ వినిపిస్తుంది. గాజువాక కాలనీల్లో కొన్నింటికి అది వర్తించవచ్చు. పాతనగరానికి మాత్రం చెల్లదు. కోటవీధి, దాని చుట్టుపక్కల వీధులు ఓడరేవు కంటే ఎంతో పాతవి.

2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని 88 పారిశ్రామిక ప్రాంతాలను మదింపు చేసింది. 70 మార్కులు దాటిన 43 ప్రాంతాలను తీవ్ర కాలుష్య ప్రాంతాలుగా ప్రకటించింది. అప్పటి ఉమ్మడి రాష్ట్రం నుంచి విశాఖకు 70.82, పటాన్‌చెరు-బొల్లారానికి 70.07 మార్కులు వచ్చాయి. ఆ జాబితాలోని ప్రాంతాల్లో కొత్త ప్రాజెక్టులకు పర్యావరణ అనుమతులపై 2010 జనవరిలో కేంద్రం తాత్కాలిక నిషేధం విధించింది.

కొలత ఎక్కడ?

గాలిలోని ధూళిని రెండు తరగతులుగా లెక్కిస్తారు. 10 మైక్రాన్ల లోపు పరిమాణం గలవి పీఎం 10, 2.5 మైక్రాన్ల లోపువి పీఎం 2.5. రెండోవి ఊపిరితిత్తుల లోతుకు చేరి రక్తంలోనూ కలుస్తాయి. 2009 జాతీయ ప్రమాణాల ప్రకారం ఏడాది సగటున ఘనపు మీటరు గాలిలో పీఎం 10 అరవై మైక్రోగ్రాములు, పీఎం 2.5 నలభై మైక్రోగ్రాములు దాటరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఈ పరిమితులను వరుసగా 15, 5 మైక్రోగ్రాములుగా సూచించింది.

విశాఖలో గాలిని నిరంతరం కొలిచే కేంద్రం చాలాకాలం నగరపాలక సంస్థ ఆవరణలోనిది ఒక్కటే. వాయు నాణ్యతా సూచీ పేరిట 'నేడు విశాఖలో ఇంత' అని వెలువడిన అంకె ఆ కేంద్రానిదే. మిగిలినచోట్ల వారానికి రెండు రోజులు నమూనాలు సేకరించే పద్ధతి ఉంది. గాలి ఉధృతంగా వీచి బొగ్గు పొడి లేచిన రోజు ఆ రెండింటిలో ఒకటి కాకపోతే అది లెక్కకు ఎక్కదు.

ప్రమాణాలు అందుకోలేని నగరాల కోసం 2019 జనవరిలో కేంద్రం జాతీయ స్వచ్ఛ వాయు పథకాన్ని ప్రారంభించింది. ఆంధ్రప్రదేశ్ నుంచి విశాఖతో సహా 13 నగరాలు ఇందులో ఉన్నాయి. 2024 నాటికి ధూళిని 20 నుంచి 30 శాతం తగ్గించాలన్నది తొలి లక్ష్యం. దానిని తర్వాత 2025-26 నాటికి 40 శాతంగా సవరించారు. నిధులు ఎటు వెళ్లాయన్నది ఇక్కడ గమనించాలి. ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 2024లో వెల్లడించిన విశ్లేషణ ప్రకారం దేశవ్యాప్తంగా ఖర్చయిన సొమ్ములో 64 శాతం రోడ్ల దుమ్ము నివారణకే పోయింది. పరిశ్రమల కాలుష్యానికి ఒక శాతం కూడా దక్కలేదు. రోడ్లు ఊడ్చే యంత్రాలు కంటికి కనిపిస్తాయి, కొనడమూ తేలిక. విశాఖ వంటి ఓడరేవు నగరానికి ఈ కేటాయింపు చాలదు.

బస్సు, ఆటో, మెట్రో

వాహనాల వంతు తక్కువేమీ కాదు. గాజువాక, ఎన్ఏడీ కూడలి, మద్దిలపాలెం మార్గంలో లారీలు, షేర్ ఆటోలు, ద్విచక్ర వాహనాలు ఒకే రోడ్డుపై కిక్కిరిసి సాగుతాయి. జేఎన్ఎన్‌యూఆర్ఎం కింద పెందుర్తి, సింహాచలం మార్గాల్లో బస్సులకు ప్రత్యేక వరుసలు తలపెట్టగా భూసేకరణ చిక్కులతో పనులు ఏళ్ల తరబడి సాగాయి. మెట్రో రైలు సాధ్యాసాధ్యాలను ఏడాదిలోగా పరిశీలించాలని 2014 రాష్ట్ర పునర్విభజన చట్టం 13వ షెడ్యూలులోనే ఉంది. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతటా బీఎస్-6 ఇంధనం రావడంతో గంధకం 50 నుంచి 10 పీపీఎంకు తగ్గింది. 2025 ఆగస్టు 15న ఆర్టీసీలో మహిళలకు ఉచిత ప్రయాణం మొదలైంది. దీనివల్ల షేర్ ఆటో వదిలి బస్సెక్కేవారు పెరగాలంటే బస్సుల సంఖ్య కూడా పెరగాలి.

ఎండతో విద్యుత్

సౌర విద్యుత్తు విషయంలో నగరం వెనుకబడి లేదు. ముడసర్లోవ జలాశయంపై 2018లో 2 మెగావాట్ల తేలియాడే సౌర ఫలకాలు అమర్చారు. ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉన్న పరవాడ వద్ద ఎన్‌టీపీసీ సింహాద్రి జలాశయంపై 75 ఎకరాల్లో 25 మెగావాట్ల కేంద్రం 2021 ఆగస్టులో ఉత్పత్తి మొదలుపెట్టింది. దాని పక్కనే బొగ్గుతో నడిచే సింహాద్రి సామర్థ్యం 2,000 మెగావాట్లు. పూడిమడక వద్ద హరిత హైడ్రోజన్ కేంద్రానికి 2025 జనవరి 8న ప్రధాని శంకుస్థాపన చేశారు. ఇళ్ల విషయానికొస్తే, 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లు, ఆపైన పెట్టుకునేవారికి రూ.78 వేల రాయితీ లభిస్తుంది.

ఓడరేవు కూడా 10 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రం నెలకొల్పుకుంది. దీపాలు, యంత్రాలు ఎండతో నడిచినా దిగుమతయ్యే సరుకులో బొగ్గు ఉన్నంతకాలం ధూళి ఉంటుంది. ఓడరేవు పెంచిన చెట్ల వరుసలను 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను దెబ్బతీసింది. గుట్టలపై నీరు చల్లే యంత్రాలు, టార్పాలిన్లు వచ్చాయి. మూసిన గోదాముల నిర్మాణమూ చేపట్టారు. వీటిలో అసలైన పని గోదాములదే. నీరు గుట్ట పైపొరను మాత్రమే తడుపుతుంది. గుట్టను తవ్వి లారీకో వ్యాగనుకో ఎత్తేటప్పుడు లోపలి పొడి బొగ్గు బయటపడుతుంది, ధూళి లేచేది అప్పుడే.