దొడ్డి దర్వాజ

గడీల ఫోటోలు ఈమధ్య ఎక్కడ చూసినా కనపడుతున్నాయి. చెక్కిన టేకు స్తంభాలు, పగిలిన కమాను, గోడ చీల్చుకొని మొలిచిన రావిచెట్టు. చూడ్డానికి బాగుంటాయి, కాదనను. నేనూ పన్నెండేళ్ళుగా కెమెరా పట్టుకొని పాడుబడ్డ గడీలు తిరుగుతున్నవాణ్ణే. ఉమ్మడి నల్లగొండ, వరంగల్, కరీంనగర్ జిల్లాల్లో ఇరవైకి పైగా చూశాను. కానీ ఈ ఫోటోల్లో మనిషి ఉండడు. ఉంటే పెండ్లికి ముందు ఫోటోలు దిగే జంట ఉంటది. రాయి ఎవరు మోసిండ్రు, సున్నం ఎవరు నూరిండ్రు, వాకిలి ఎవరు ఊడ్చిండ్రు అనేది ఫోటోలోకి రాదు. చూసినవాళ్ళకు 'అయ్యో, ఎంత వైభవం పాడైపాయె' అనిపిస్తుంది. ఆ అయ్యో అంతా దొరకే పోతుంది. నా పేచీ అక్కడ.

మాది మాదిగ ఇల్లు. మా తాత జనగామ ప్రాంతంలో ఒక గడీకి ఎట్టి చేసిండు. ఊరి పేరు రాయను, దొర వారసులతోటి ఇంకా పని పడే మనోళ్ళు అక్కడున్నరు. మోటకు తోలు బొక్కెన, తొండం, వార్లు, దొర ఇంటిల్లిపాదికి చెప్పులు, అన్నీ ఉత్తగనే ఇయ్యాలె. చిట్టీ ఇస్తే పక్క ఊరికి ఉరికి ఇచ్చి రావాలె. దొర బయటికెళ్తే బండి ముందట ఉరకాలె. ఏ కులానికి ఏ ఎట్టి ఉండేదో సుందరయ్య 1972 నాటి తన తెలంగాణ పోరాట పుస్తకంలో రాశాడు. దొరబిడ్డ అత్తారింటికి పోతుంటే వెంట బానిసలుగా పంపిన ఆడబాపల సంగతీ రాశాడు. మంచిదే. కాకపోతే మన పోరాట చరిత్రల్లో ఒక చిత్రముంది. ఎట్టి జాబితాలో ముందుండే మాలమాదిగలు తుపాకులూ సంఘాలూ వచ్చే పేజీల దగ్గరికొచ్చేసరికి ఉత్త 'రైతుకూలీలు' అయిపోతారు.

ఆ గడీకి మా నాయినను తోలుకపోయిన. ముందు దర్వాజకు తలుపులే లేవు, ఎవరైనా పోవచ్చు. అయినా ఆయన కాళ్ళు బురుజు చుట్టూ తిరిగి వెనక్కే పోయినయి. నేను పిలవలేదు, వెనకే నడిచిన. దొడ్డి దర్వాజ పక్కన ఒక నల్లరాయి చూపెట్టిండు. దాని నడుమ జానెడు పొడుగు గాడి పడ్డది. "ఈడ కూసోనే మీ తాత రంపె నూరేది. లోపటికి రానియ్యకపోయేది, ఎండకైనా వానకైనా ఈడనే" అన్నడు. కచ్చీరు ఎట్లుంటదో ఆయన అప్పటిదాకా చూడనేలేదు. చూస్తావా అంటే, "ఏముంటది దాంట్ల" అని బీడీ ముట్టించిండు.

ముందు గోడ డంగు సున్నం ఇప్పటికీ అద్దంలెక్క ఉంది. సున్నపురాయి కాల్చి, గానుగలో ఎడ్లతో తిప్పించి, బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు కలిపి, పూసినంక రాయితో రుద్దగా రుద్దగా వచ్చే నునుపది. వెనక గోడను అంత రుద్దలేదు. అటుదిక్కు ఎవరు చూస్తరని? అందుకే సున్నం మీద చేతివేళ్ళ గీతలు అట్లనే మిగిలినయి. నాలుగు వేళ్ళు, కింద బొటనవేలు. చిన్న చెయ్యి. ఆడమనిషిదో, పిల్లగానిదో. గడీల్లో నేను తీసిన వేల ఫోటోల్లో ఇది మాత్రం పెద్దది చేయించి ఇంట్లో పెట్టుకున్నా.

గడీలు వానకు కూలినయంటారు. వాన అంతకుముందూ పడ్డది కదా! ఏటా వానకు ముందు మిద్దె పగుళ్ళు పూడ్చాలె, గోడల్లో రావి మొలకలు పీకాలె, సున్నం కొట్టాలె, అంత వాకిలి ఊడ్చి అలకాలె. పైసలిచ్చి చేయించుకుంటే ఏ దొరకూ గిట్టే పని కాదది. గడీ ఎట్టి మీద నిలబడ్డ కట్టడం. ఎట్టి ఆగితే గడీ ఆగదు.

అది ఆగడం కూడా ఒక్కనాడు జరిగింది కాదు. విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డికి 40 వేల ఎకరాలుండేదని సుందరయ్య లెక్క. 1946 జులై 4న కడవెండిలో ఆయన గూండాల తుపాకులకు దొడ్డి కొమురయ్య ఒరిగిండు. తర్వాత ఊరూరా ఎట్టి బందైంది, దొరలు పారిపోయిండ్రు. 1948 సెప్టెంబర్‌లో పోలీసు యాక్షన్ అయినంక ఖద్దరు టోపీ పెట్టుకొని మళ్ళీ దిగిండ్రు. 1949లో జాగీర్లు రద్దయినయి, 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది, 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది. ఇన్ని చట్టాలొచ్చినా ఉత్తర తెలంగాణలో కచ్చీరు మాత్రం నడుస్తనే ఉండె. 1978 సెప్టెంబర్‌లో జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. సర్కారు అక్టోబర్‌లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలని ప్రకటించింది. ఆ తర్వాతి ఏండ్లలోనే చాలామంది దొరలు తాళమేసి హైదరాబాదు చేరిండ్రు. రావి మొలక పీకే చెయ్యి అప్పుడు ఆగింది. అందుకని పాడుబడ్డ గడీ ఫోటోలో నాకు కనపడేది కాలం కాదు, పని మానేసిన మా వాడ.

ఇప్పుడు కథ ఇంకో మలుపు తిరిగింది. కామారెడ్డి జిల్లా దోమకొండ కోటను బాగుచేసినందుకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారం వచ్చింది. కట్టడాలు కాపాడొద్దని నేనెందుకంటా? కానీ మా ఊరి దొర మనుమడు కూడా గడీని హోటలు చేస్తానని ఇంజనీరును తోలుకొచ్చిండు. నక్షాలో వెనక గోడ లేదు, ఆ జాగాల కార్లు పెడతరట. మరోదిక్కు మా వాడ పిల్లలు మొత్తం జేసీబీతో లేపి అంబేడ్కర్ భవనం కట్టాలంటున్నరు. మా పెద్దమ్మది వాళ్ళ మాటే: "నేను ఊడ్చిన వాకిలి, నా కండ్ల ముందట పోనియ్యి బిడ్డా." ఆమెతో వాదించే హక్కు నాకు లేదు. పిల్లలతో మాత్రం వాదిస్తున్న. ముందు భాగం పోతే పోనియ్యుండ్రి, ఆ వెనక గోడ మన రికార్డు. మన తాతలకు పట్టాలూ లేవు, సంతకాలూ లేవు, ఉన్నవి ఆ వేళ్ళ గీతలే. ఒకరిద్దరు వింటున్నరు.

దొర మనుమడు హోటలు పుస్తకానికి ఫోటోలు కావాలని మనిషిని పంపిండు. వేళ్ళ గీతల ఫోటో ఇస్తానన్న. కమానుది కావాలన్నడు.

పోయిన వానాకాలం వెనక గోడ సగం ఒరిగింది. మిగిలిన సగాన్ని కొలతలతో సహా తీసి పెట్టిన. నల్లరాయిని మేం నలుగురం కలిసి వాడకు మోసుకొచ్చినం. మా అన్న ఇంటి ముందు బోరింగు పక్కన ఉంది. కొడవండ్లు నూరుకుంటున్నరు.