తెగి అతికిన సాయంకాలపు పాట

ఇంగ్లండ్‌లో ప్రతి బుధవారం రేడియోలో ఒక ప్రార్థన వినిపిస్తుంది. ఏదో ఒక కెథీడ్రల్ నుంచో కాలేజీ చాపెల్ నుంచో బీబీసీ అందించే ఈవెన్‌సాంగ్ అది. పేరుకు సాయంకాల ప్రార్థన గాని, అందులో ఎక్కువ భాగం పాటే. 1926 అక్టోబరు 7న లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ ఆబీ నుంచి ఈ ప్రసారం మొదలైంది. వింటున్నంతసేపూ ఐదు వందల ఏళ్ళుగా ఎన్నడూ ఆగని ధార అనిపిస్తుంది. ఇంగ్లండ్ వాళ్ళలో చాలామంది అలాగే నమ్ముతారు కూడా. చరిత్ర అలా లేదు. ఈ పాట ఒకసారి పూర్తిగా తెగింది, మరోసారి తెగడానికి సిద్ధమైంది. రెండుసార్లూ ఎవరో ఒకరు పూనుకుని అతికారు. హైదరాబాద్ పాతబస్తీలో హుస్సేనీ ఆలం వాళ్ళకు ఈ సంగతి కొత్త కాదు. 1687లో గోల్కొండ మొగలుల వశమయ్యాక దగ్గర్లోని మొహర్రం శోకమందిరం బాద్షాహీ ఆషూర్‌ఖానా, బండ్లు నిలిపే బండీఖానాగా మారింది, నిజాం అలీఖాన్ హయాంలో మళ్ళీ ఆషూర్‌ఖానా అయింది. ఈవేళ అక్కడ మర్సియా అనే శోకగీతం వినేవాళ్ళకు మధ్యలో బండ్లు నిలిచిన ఏళ్ళు వినబడవు. ఇంగ్లండ్ పాటకూ అలాంటి బండీఖానా రోజులున్నాయి.

1549లో ఆర్చిబిషప్ థామస్ క్రాన్మర్ కూర్చిన ప్రార్థన పుస్తకం అమల్లోకి వచ్చింది. అంతవరకు సాయంత్రం ఒకటి, పడుకోబోయే ముందు ఒకటిగా లాటిన్‌లో నడిచే రెండు ప్రార్థనలను కలిపి ఆయన ఇంగ్లీషులో ఒక్కటి చేశాడు. ఫారసీ దర్జా వెలుగుతున్న రోజుల్లో మహమ్మద్ కులీ కుతుబ్ షా దక్కనీలో మర్సియాలు రాయడం లాంటిదే ఇదీ. ఈ ప్రార్థనకు బాణీలు కట్టిన థామస్ టాలిస్ నలుగురు ఏలికల కొలువు చేశాడు. సింహాసనం మీద మనిషి మారితే మతం మారేది, దానితో పాట భాషా మారేది. ఆయన సహచరుడు విలియం బర్డ్ కాథలిక్కు. ఆ నేరానికి జరిమానాలు కడుతూనే ప్రొటెస్టంట్ చర్చి కోసం గొప్ప సంగీతం రాశాడు. ఆ తర్వాత అంతర్యుద్ధం వచ్చింది. 1644లో ఆర్గన్లు పీకేయమని పార్లమెంటు హుకుం జారీచేసింది, మరుసటి ఏడు ప్రార్థన పుస్తకాన్నే రద్దు చేసింది. క్వయర్లు, అంటే చర్చి గాయక బృందాలు, చెల్లాచెదురయ్యాయి. 1660లో రెండో చార్లెస్ తిరిగొచ్చేసరికి రాచవారి చాపెల్‌లో పై శ్రుతి పట్టగల కుర్రాడు ఒక్కడూ లేడు. ఏడాదికి పైగా ఆ వరసలను కార్నెట్ వాద్యాలతోనూ, గొంతు సన్నం చేసి పాడిన మగవాళ్ళతోనూ నెట్టుకొచ్చారని ఆనాటి సంగీతకారుడు మాథ్యూ లాక్ రాశాడు. 1661లో ఆక్స్‌ఫర్డ్ ఆర్గన్ వాద్యకారుడు ఎడ్వర్డ్ లో, కెథీడ్రల్ ప్రార్థన ఎలా పాడాలో నేర్పే చిన్న పుస్తకం అచ్చువేయాల్సి వచ్చింది. తెగని ధారకు అలాంటి పుస్తకంతో పనేముంది?

మరి అతికే వీలు ఎలా దొరికింది? కాగితం ఉంది, వంతు ఉంది. ఆ కాలపు పాటల పుస్తకాల్లో ఒక్కో దాంట్లో ఒక్కో గొంతు వరస మాత్రమే ఉండేది. ఒక పుస్తకం పోతే పాట కుంటుతుంది. నిషేధానికి మూడేళ్ళ ముందు, 1641లో, జాన్ బర్నార్డ్ అలాంటి సంపుటం అచ్చువేసి చాలా పాటలను కాపాడాడు. తిరుమలలో అన్నమయ్య సంకీర్తనలు రాగిరేకుల మీద నిద్రపోయినట్టే, బర్డ్ 'గ్రేట్ సర్వీస్' కూడా డరమ్ కెథీడ్రల్ గ్రంథాలయంలో పడుకుంది. 1922లో సంగీత పరిశోధకుడు ఎడ్మండ్ ఫెలోస్ కంటపడేదాకా లేవలేదు. రేడియో ప్రసారం మొదలైంది ఆ తర్వాత నాలుగేళ్ళకే. ఇక వంతు సంగతి. 150 కీర్తనలను నెలలో ముప్ఫై ఉదయాలకూ ముప్ఫై సాయంత్రాలకూ పంచారు. క్వయర్ రెండు వరసలై, మన భజన గోష్ఠిలో లాగా ఎదురెదురుగా నిలబడుతుంది. ఒక చరణం ఈ వరస పాడితే తర్వాతిది ఆ వరస అందుకుంటుంది. ఒకే స్వరం మీద ఎన్ని అక్షరాలైనా మాట్లాడినంత తేలిగ్గా సాగిపోతాయి, చివర నాలుగైదు స్వరాల్లో వాక్యం వంగి వాలుతుంది. చరణం మధ్యలో చిన్న ఆగుదల. ఊపిరి పీల్చుకునేంతే, కాని రాతి గోడల మధ్య ఆ నిశ్శబ్దం కూడా పాటలో భాగమే. బల్లల మీద నలుగురే ఉన్నా ఈ వంతు తప్పదు. శ్రోతల్ని నమ్ముకున్న కళ శ్రోతలతోనే పోతుంది. ఇది నమ్ముకున్నది తారీఖును.

ఇది డబ్బున్న చర్చి వైభవం, మాన్యాలుంటే ఏ పాటైనా నిలుస్తుందని ఒక ఆక్షేపణ ఉంది. మాన్యాలు ఉన్న మాట నిజమే. అయినా పంతొమ్మిదో శతాబ్దంలో ఈ పాట దాదాపు కూలిపోయింది. పాడే పిల్లల పేరిట ఉన్న సొమ్ము పిల్లలకు చేరడం లేదని మరియా హాకెట్ అనే ఆమె 1810ల నుంచి కెథీడ్రళ్ళు తిరిగి మరీ పోరాడింది. హెరెఫర్డ్‌లో ఒక ఈస్టర్ నాడు పిల్లలు కాక డీన్‌గారి బట్లర్ ఒక్కడే మిగిలాడు. అక్కడి ఆర్గన్ వాద్యకారుడు శామ్యూల్ సెబాస్టియన్ వెస్లీ పిల్లల గొంతులకూ ఆ ఒక్క మంద్ర గొంతుకూ సరిపోయేలా పాట కట్టాడు. 1849లో అదే వెస్లీ, క్వయర్‌లో రోజూ పన్నెండు మందికి తగ్గకుండా పెద్దవాళ్ళు ఉండాలని పుస్తకమే అచ్చువేశాడు. మాన్యం ఉంటే చాలదు, దాని కోసం నిలదీసేవాళ్ళుండాలి. 1970 ప్రాంతంలో బీబీసీ ఈ ప్రసారాన్ని నెలకొకసారికి కుదిస్తే శ్రోతలు ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి వారం వారం తిరిగి తెచ్చుకున్నారు.

ప్రార్థనను రేడియోలో పెడితే కచేరీ అయిపోదా అన్నది ఇంతకంటే బరువైన ప్రశ్న. మొహర్రం మజ్లిస్‌లో కూర్చుని ఏడ్చేవాడు పాలుపంచుకున్నట్టు, వంటింట్లో రేడియో పెట్టుకున్నవాడు పాలుపంచుకోడు కదా. నిజమే, ఒక నష్టం ఉంది. కాని పాడేవాళ్ళు రేడియో కోసం కొత్తగా ఏమీ చేయరు. ఆ రోజు తారీఖుకు పడ్డ కీర్తనలే పాడతారు, మరియమ్మ స్తుతి పాడతారు, ముసలి సుమెయోను సెలవడిగే పాట పాడతారు. మైకు ఆ పక్కన నిలబడి వింటుంది, అంతే. మంచాన పడ్డవాళ్ళకూ, చర్చి గడప తొక్కనివాళ్ళకూ, నాలాగా వేరే ఊరి పాటలతో పెరిగినవాళ్ళకూ తలుపు తెరిచింది ఆ మైకే. ఇంకో పట్టింపూ ఉంది. మగపిల్లల గొంతే అసలు సంప్రదాయం అనేవాళ్ళు ఇంకా ఉన్నారు. 1991లో సాల్స్‌బరీ కెథీడ్రల్ ఆడపిల్లల క్వయర్ మొదలుపెట్టినప్పుడు ధార తెగిపోతుందని బాధపడ్డవాళ్ళున్నారు. ఆ తర్వాత ఒక్కో కెథీడ్రల్లో అమ్మాయిలు అవే కీర్తనలు, అదే వంతున, అదే ఆగుదలతో పాడుతున్నారు. కళ్ళు మూసుకుని వింటే ఈ వారం పాడేది అబ్బాయిలో అమ్మాయిలో గట్టిగా చెప్పడం కష్టం.