ఇన్సర్ట్ అంటే ఏంటి? హంసపాదు దగ్గర మొదలైన కథ

ఈ ఎపిసోడ్‌లో ఒకే ఒక్క మాట గురించి మాట్లాడుకుందాం. ఇన్సర్ట్. ఏటీఎం దగ్గరికెళ్తే కార్డు ఇన్సర్ట్ చేయమంటుంది. సిమ్ లేని ఫోన్ ఆన్ చేస్తే సిమ్ ఇన్సర్ట్ చేయమంటుంది. ప్రాజెక్ట్ రిపోర్టులో ఫొటో పెట్టాలన్నా ఇన్సర్ట్ మెనూకే వెళ్తాం.

మరి తెలుగులో దీన్ని ఏమంటాం? ఒక్క మాట సరిపోదు. సిమ్ వేస్తాం, తాళంచెవి పెడతాం, సూదిలో దారం ఎక్కిస్తాం, కథలో సీన్ చొప్పిస్తాం, పూలు దండగా గుచ్చుతాం.

ఈ చివరిది గుర్తుపెట్టుకోండి. ఇన్సర్ట్ లాటిన్ నుంచి వచ్చిన మాట. దాని మూలం "సెరెరె", అంటే వరుసగా కలపడం. మనం చూసే వెబ్ సిరీస్‌లోని "సిరీస్" కూడా అక్కడిదే. లాటిన్‌లో పూలదండల్ని "సెర్టా" అనేవాళ్లు, అదీ ఈ కుటుంబమే. అంటే మొదట్లో ఇది ఏదో ఒకటి దూర్చేయడం కాదు, వరుస చెడకుండా కలపడం.

ఇప్పుడు మన తాటాకుల కాలానికి వెళ్దాం. ఆకు మీద గంటంతో గీసి రాసేవాళ్లు. మధ్యలో ఒక అక్షరం మర్చిపోతే? వెనక్కెళ్లి టైప్ చేయడానికి అది ఫోన్ కాదు కదా. అందుకని వదిలేసిన చోట చిన్న గుర్తు పెట్టి, ఆ అక్షరాన్ని పైనో పక్కనో రాసేవాళ్లు. హంస కాలిముద్రలా ఉంటుందని ఆ గుర్తుని హంసపాదు అన్నారు. సంస్కృతంలో కాకపదం, అంటే కాకి కాలు. ఇంగ్లీషులో దాని పేరు "క్యారెట్". తినేది కాదండోయ్! అది లాటిన్ మాట, "ఇక్కడ లోపించింది" అని అర్థం.

"ఆదిలోనే హంసపాదు" అని ఇంట్లో పెద్దవాళ్లు అంటుంటారు కదా? రాత మొదలుపెట్టగానే తప్పు దొర్లి, ఆ గుర్తు పెట్టాల్సి వచ్చిందని. అపశకునంలా వాడతాం గానీ, నిజానికి అది నిజాయితీ గుర్తు. "ఇది నేను తర్వాత చేర్చాను, చూసుకోండి" అని చెప్తుంది.

గుర్తు పెట్టకుండా చేర్చేస్తే ఏమవుతుంది? దాన్నే ప్రక్షిప్తం అంటారు. మహాభారతమే చూడండి. వందల ఏళ్లు చేత్తో కాపీ చేస్తూ వచ్చారు. మోసం చేయాలనే అక్కర్లేదు, ఇష్టంకొద్దీ కూడా కొత్త శ్లోకాలు చేరిపోయాయి. వాటిని వేరు చేయడానికి పుణెలోని భండార్కర్ సంస్థ పండితులు 1919లో పని మొదలుపెట్టి, 1,259 ప్రతులు పరిశీలించి, 1966లో పూర్తిచేశారు. 47 ఏళ్లు! వ్యాసుడు చెప్తుంటే వినాయకుడు రాశాడనే కథ మనందరికీ తెలుసు కదా. ఆ కథ కూడా వాళ్ల మూలపాఠంలో లేదు, అనుబంధంలోకి వెళ్లింది.

మన వేమనకీ అదే జరిగింది. చివర ఆయన మకుటం తగిలిస్తే చాలు, ఎవరు రాసినా వేమన పద్యంలాగే వినిపిస్తుంది. అందుకే ఏవి ఆయనవో, ఏవి తర్వాత చేరినవో తేల్చడం ఇప్పటికీ కష్టమే.

ఇక మన ఫోన్‌లోకి వద్దాం. 2023లో వాట్సాప్ మెసేజ్ ఎడిట్ చేసే వీలు ఇచ్చింది. మార్చిన మెసేజ్ పక్కన "ఎడిటెడ్" అని కనిపిస్తుంది. అదే ఈ కాలం హంసపాదు! కానీ పెద్దవాళ్ల ఫొటో పెట్టి, వాళ్లు అనని మాటలు అతికించి ఫార్వర్డ్ చేసేవాటికి ఏ గుర్తూ ఉండదు. అవన్నీ మన కాలం ప్రక్షిప్తాలు.

చేర్చడం తప్పు కాదు ఫ్రెండ్స్, చేర్చామని దాచడమే తప్పు. మనం ఒక్క సెకనులో చేర్చేసినదాన్ని విడదీయడానికి, రేపు ఇంకెవరికో 47 ఏళ్లు పట్టొచ్చు. ఫార్వర్డ్ నొక్కే ముందు ఒక్కసారి హంసపాదు గుర్తుచేసుకోండి. మీ ఊళ్లో ఇన్సర్ట్‌కి ఇంకేం మాటలు వాడతారో కామెంట్లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం!