నాణెం, బిరుదు, రాజ్యం: ప్రాచీన రోమ్ పాలనా చరిత్ర వెలుగులో కోటిలింగాల తొలి రాజులు

ప్రస్తావన

ఏ జాతి తొలి చరిత్ర అయినా రెండు ఆధారాల మీద నిలుస్తుంది. ఒకటి వాఙ్మయం, రెండవది భూగర్భం నుండి వెలువడిన భౌతికావశేషం. ఇవి రెండూ ఒకేచోట సమృద్ధిగా దొరకడం అరుదు. ప్రాచీన రోమ్ నగరపు ఆరంభ దశకు వాఙ్మయం విస్తారంగా ఉన్నా దానికి సమకాలికత లేదు. గోదావరీ తీరంలో కోటిలింగాల, పెద్దబంకూరు, ధూళికట్ట వంటి ఉత్తర తెలంగాణ స్థలాలకు సమకాలికమైన భౌతికావశేషాలు ఉన్నా, వాటిని కథగా చెప్పే గ్రంథం లేదు. ఈ రెండు స్థితులను పక్కపక్కన ఉంచి చూసినప్పుడు, పూర్వపు కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాల ప్రాచీన పాలనను గురించి ఏది రూఢిగా చెప్పవచ్చునో, ఏది ఊహకు మాత్రమే చెందుతుందో తేటపడుతుంది. ప్రాకృత బిరుదులు తెలుగు పదజాలంలో పొందిన పరిణామం కూడా ఈ పరిశీలనలో భాగమే.

రోమ్: నాణెం లేని రాజులు

రోమన్ సంప్రదాయం ప్రకారం నగర స్థాపన క్రీ.పూ. 753లో జరిగింది. రొములుస్ మొదలుకొని ఏడుగురు రాజులు పాలించారు. క్రీ.పూ. 509లో చివరి రాజును వెళ్లగొట్టి, ఏడాదికి ఇద్దరు చొప్పున ఎన్నికయ్యే కాన్సల్‌ల పాలనను నెలకొల్పారు. కులీనుల సభ అయిన సెనేట్ వారికి సలహా ఇచ్చేది. సామాన్య వర్గమైన ప్లీబియన్లు క్రీ.పూ. 494లో తమ రక్షణ కోసం ట్రిబ్యూన్ పదవిని సాధించుకొన్నారు. క్రీ.పూ. 451-450లో న్యాయసూత్రాలు పన్నెండు ఫలకాల మీదికి ఎక్కాయి.

ఈ వృత్తాంతాన్ని సమగ్రంగా చెప్పిన లివీ క్రీ.పూ. మొదటి శతాబ్ది చివరి భాగంలో రచన సాగించినవాడు. తాను వర్ణించిన తొలి రాజులకు ఆయన సుమారు ఏడు శతాబ్దాల దూరంలో ఉన్నాడు. గాల్ జాతివారు నగరాన్ని కాల్చినప్పుడు పాత లిఖితాలు చాలావరకు నశించాయని ఆయనే అంగీకరించాడు. రోమ్‌లో నాణేల ముద్రణ క్రీ.పూ. 300 ప్రాంతానికి గాని మొదలు కాలేదు. దెనారియస్ అనే వెండి నాణెం క్రీ.పూ. 211 ప్రాంతంలో అవతరించింది. కాబట్టి ఆ ఏడుగురు రాజుల పేర్లను పలికే నాణెం ఒక్కటి కూడా ఉండే అవకాశం లేదు. పాలటైన్ కొండ మీద బయటపడిన ప్రాచీన గుడిసెల గుంజల గుంతలు అక్కడి జనావాసపు ప్రాచీనతను చెప్పగలవే గాని రాజుల పేర్లను చెప్పలేవు.

అందువల్ల ఆధునిక చరిత్రకారులు రాజుల కథలను యథాతథంగా స్వీకరించక, సంస్థలలోను పదాలలోను నిలిచిన పూర్వస్థితి ఆనవాళ్లను వెదికారు. రాజు అన్న మాటనే ద్వేషించిన రోమన్లు 'రెక్స్ సాక్రోరుమ్' అనే పురోహిత పదవిని మాత్రం నిలుపుకొన్నారు. రాజు చేయవలసిన యజ్ఞకార్యాలు చేయడానికి 'రెక్స్' అనే పేరు గలవాడు ఒకడు అవసరమయ్యాడు. రోమ్‌లో ఒకప్పుడు రాజరికం ఉండేదనడానికి లివీ కథ కన్న ఈ పదవీ నామమే బలమైన సాక్ష్యం. కథ మారవచ్చు. కర్మకాండలో చిక్కుకొన్న పదం అంత తేలికగా మారదు.

ఉత్తర తెలంగాణ: గ్రంథం చెప్పినది

అంగుత్తరనికాయం పేర్కొన్న పదహారు మహాజనపదాలలో అస్సకం, అనగా అశ్మకం, గోదావరీ తీరానికి చెందినది. సుత్తనిపాతంలోని పారాయనవగ్గ ప్రకారం బావరి అనే బ్రాహ్మణుడు కోసలం నుండి దక్షిణానికి వచ్చి, అస్సక, ములక ప్రాంతాలకు చేరువలో గోదావరి ఒడ్డున నివసించి, తన పదహారుగురు శిష్యులను బుద్ధుని వద్దకు పంపాడు. ఆ నివాసాన్ని పూర్వపు ఆదిలాబాదు జిల్లాలో గోదావరి పాయల నడుమ ఉన్న బాదనకుర్తిగా కొందరు పరిశోధకులు గుర్తించారు. ఈ గుర్తింపు ఆకర్షణీయమే గాని, గ్రంథంలో ఆ గ్రామనామం లేదు. అస్సక పాలన ఎట్టిదో కూడా ఆ గ్రంథం వివరించదు.

రెండవ వాఙ్మయాధారం రోమ్ నుండి వచ్చినదే. క్రీ.శ. మొదటి శతాబ్దికి చెందిన ప్లినీ తన ప్రకృతి చరిత్రలో ఆంధ్రులకు ప్రాకారాలు గల 30 పట్టణాలు, లక్ష కాల్బలం, 2,000 అశ్వాలు, 1,000 ఏనుగులు ఉన్నట్లు రాశాడు. ఈ సమాచారానికి మెగస్తనీసు మూలమని పండితులు భావిస్తున్నారు. ధూళికట్టలో మట్టికోట బయటపడిన తరువాత ఆ 30 పట్టణాలలో అది ఒకటి కావచ్చునన్న అభిప్రాయం ప్రచారంలోకి వచ్చింది. ప్లినీ పట్టణాల పేర్లు చెప్పలేదు గనుక ఇది సంభావ్యతగానే నిలుస్తుంది. ఆ పట్టణాలు ఒకే రాజు కింద ఉన్నవో, వేర్వేరు నాయకుల కింద ఉన్నవో కూడా ఆ వాక్యం వల్ల తేలదు.

కోటిలింగాల: పురాణం లేని రాజులు

పెద్దవాగు గోదావరిలో కలిసే చోట ఉన్న కోటిలింగాల పూర్వపు కరీంనగర్ జిల్లాలోనిది, నేటి జగిత్యాల జిల్లాకు చెందినది. ఠాకూర్ రాజారాం సింగ్ ఈ పరిసరాలలో ఓపికతో సేకరించిన నాణేలను పి.వి. పరబ్రహ్మశాస్త్రి చదివి ప్రకటించడంతో దక్కను చరిత్రలో కొత్త అధ్యాయం మొదలైంది. రాష్ట్ర పురావస్తు శాఖ పక్షాన వి.వి. కృష్ణశాస్త్రి ఆధ్వర్యంలో తవ్వకాలు జరిగాయి. గోభద, నారన, కంవాయసిరి, సమగోప అనే రాజనామాలు ఈ నాణేల వల్లనే లోకానికి తెలిశాయి. సాతవాహనుల పేర్లు గల నాణేలు కూడా అక్కడ దొరకడం వల్ల, ఈ నలుగురు సాతవాహనులకు పూర్వులని పరిశోధకులు భావిస్తున్నారు.

మత్స్య, వాయు పురాణాల ఆంధ్ర రాజుల జాబితాలలో ఈ నలుగురి పేర్లు లేవు. రోమ్‌లో ఉన్నది నాణెం లేని ఏడుగురు రాజుల చరిత్ర. కోటిలింగాలలో ఉన్నది పురాణం లేని నలుగురు రాజుల చరిత్ర. మొదటివారికి కథ ఉన్నది గాని సాక్ష్యం లేదు. రెండవవారికి సాక్ష్యం ఉన్నది గాని కథ లేదు.

నాణేల మీది భాష ప్రాకృతం, లిపి బ్రాహ్మి. 'రఞో' అన్న పదం 'రాజుయొక్క' అని అర్థమిచ్చే షష్ఠీరూపం. దీని వల్ల మూడు విషయాలు నిస్సందేహంగా తెలుస్తున్నాయి: రాజు అన్న బిరుదు ఈ ప్రాంతంలో వాడుకలో ఉండేది, ఆ బిరుదు ధరించినవారు తమ పేరిట నాణేలు ముద్రింపజేశారు, ఆ నాణేలను చదవగలవారో కనీసం గుర్తించగలవారో ఆ సమాజంలో ఉన్నారు. వంశక్రమం, రాజ్య విస్తీర్ణం, పాలనాకాలం నాణేల నుండి నేరుగా తేలేవి కావు.

చిముక సాతవాహనుని నాణేల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. నానేఘాట్‌లో ఒక ప్రతిమ శీర్షికలో సిముక సాతవాహనుని పేరు ఉన్నది. పురాణాల జాబితా కూడా ఆ రాజుతోనే మొదలవుతుంది. కోటిలింగాల చిముకుడు ఆయనే అని ఒక వాదం, కాడని మరొక వాదం ఉన్నాయి. సాతవాహనుల జన్మస్థానం తెలంగాణమా, మహారాష్ట్రమా అన్న వివాదంలో ఈ గుర్తింపుకు ప్రాధాన్యం ఉన్నది. అయితే గోభద మొదలైన నలుగురి ప్రాముఖ్యం ఆ వివాద ఫలితం మీద ఆధారపడి లేదు. సాతవాహనులు ఎక్కడివారైనా, వారికి పూర్వమే ఈ తీరంలో రాజ్యవ్యవస్థ ఉన్నదన్నది స్వతంత్రంగా నిలిచే అంశం.

మహాతలవర: రాజా? ఉద్యోగియా?

కోటిలింగాల నాణేలలో రాజ బిరుదు గలవాటితో పాటు 'మహాతలవర', 'మహాసేనాపతి' అనే బిరుదులు గలవి కూడా ఉన్నాయి. నాణెం ముద్రించినవాడు సర్వస్వతంత్రుడే అయి ఉండాలన్న నియమం ఆధారంగా వీరిని స్వతంత్ర పాలకులుగా భావించడం పరిపాటి. ఆ నియమం ఎంతవరకు చెల్లుతుందో రోమ్ ఉదాహరణ చూపుతుంది. రోమన్ గణరాజ్యంలో ముద్రణాలయాన్ని చూసే ముగ్గురు యువ అధికారులు తమ పేర్లను నాణేల మీద ముద్రించుకొనేవారు. వారు రాజులు కారు, పెద్ద పదవులలో ఉన్నవారు కూడా కారు. బతికి ఉన్న రోమన్ నాయకుని ముఖం రోమ్ ముద్రణాలయపు నాణేల మీద కనిపించడం క్రీ.పూ. 44లో జూలియస్ సీజర్‌తో మొదలైంది. అంటే నాణెం మీది పేరు అధికారాన్ని సూచిస్తుంది గాని, ఆ అధికారం సార్వభౌమమైనదని చెప్పదు. మహాతలవరుడు సామంతుడు కావచ్చు, రాజు అనుమతితో ముద్రించిన అధికారి కావచ్చు, రాజశక్తి సడలినప్పుడు స్వతంత్రించినవాడు కావచ్చు. ఈ మూడింటిలో ఒకదానిని ఎన్నుకోవడానికి నాణెం ఒక్కటే చాలదు.

ఇతర ఆధారాలు తలవరులు ఉన్నతోద్యోగులని సూచిస్తున్నాయి. జైన కల్పసూత్రం రాజు చుట్టూ ఉండే ప్రముఖుల వరుసలో తలవరులను పేర్కొన్నది. క్రీ.శ. 3వ శతాబ్దికి చెందిన నాగార్జునకొండ శాసనాలలో ఇక్ష్వాకు రాజు వాసిష్ఠీపుత్ర శాంతమూలుని సోదరి చాంతిసిరి మహాతలవరుని భార్యగా, మహాతలవరిగా కనిపిస్తుంది. ఆమె భర్తకు మహాసేనాపతి బిరుదు కూడా ఉన్నది. రాజకుటుంబంతో వియ్యమందగల స్థాయి మహాతలవరులకు ఉన్నదనడానికి ఇది తార్కాణం.

ఈ పదమే ప్రబంధ కాలపు తెలుగులో 'తలవరి'గా, రాత్రివేళ నగరంలో గస్తీ తిరిగి దొంగలను పట్టే ఆరెకునిగా కనిపిస్తుంది. వ్యవహారంలో అది 'తలారి' అయింది. కన్నడంలో 'తళవార', తమిళంలో 'తలైయారి' దీనికి దగ్గరి రూపాలు. ఇటీవలి గ్రామ వ్యవస్థలో తలారి ఊరికి కావలి కాసి, చాటింపు వేసి, శిస్తు వసూలులో తోడుపడిన గ్రామసేవకుడు. తెలంగాణలో మస్కూరి, కావలికారు అనే పేర్లు కూడా ఇటువంటి పనులవారికే చెల్లాయి. రాజబంధువు ధరించిన బిరుదు ఊరి కావలివాని పేరుగా దిగివచ్చింది. ఇది అర్థాపకర్షకు చక్కని ఉదాహరణ. రక్షణ అనే భావం మాత్రం ఈ దశలన్నిటా చెదరకుండా నిలిచింది.

రోమ్‌లో దీనికి ఎదురు దిశలో సాగిన పరిణామం ఉన్నది. 'పొంటిఫెక్స్ మాక్సిముస్' ఆది నుండి ప్రధాన పురోహితుని పదవి. ఆగస్టస్ దానిని తన చేతిలోకి తీసుకొన్నాక అది చక్రవర్తుల బిరుదులలో చేరింది. పెద్దబంకూరులో ఆగస్టస్, తైబీరియస్ కాలపు రోమన్ నాణేలు దొరికాయి. భారతదేశంలో విస్తారంగా దొరికే తైబీరియస్ వెండి నాణేల మీద ఈ పురోహిత బిరుదే ఉంటుంది. ఇలా ఆదిమ రోమన్ వ్యవస్థకు చెందిన ఒక పదవి పేరు, మహాతలవరుల నాణేలు చెలామణి అయిన దేశానికే సరకుల వెల రూపంలో చేరింది. నుస్తులాపూర్‌లో దొరికిన రోమన్ వెండి నాణేల నిక్షేపం కూడా ఈ వర్తక సంబంధాన్నే బలపరుస్తున్నది.

రాజుకు దిగువన

రాజనామాల వద్దనే ఆగిపోతే పాలన అర్థం కాదు. పులుమావి కాలపు మ్యాకదోని శాసనం ఒక మెట్ల వరుసను చూపుతున్నది. సాతవాహనిహార జనపదం మహాసేనాపతి ఖందనాగుని అధీనంలో, వేపురక గ్రామం గుమికుడు కుమారదత్తుని అధీనంలో ఉండగా, అక్కడ చెరువు తవ్వించినవాడు సంబ అనే గహపతి. రాజు, మహాసేనాపతి, గుమికుడు, గహపతి అన్న ఈ క్రమంలో ప్రజోపయోగ కార్యం చేసినవాడు చివరి మెట్టువాడు. ధూళికట్ట స్తూపపు ముచిలింద నాగ ఫలకాల మీది దాన శాసనంలోనూ గహపతి పదం కనిపిస్తుంది. హాలుని పేర వెలసిన గాథాసప్తశతిలో రాజు కన్న గామణి, గహవఇ, హాలికుడు మొదలైన గ్రామీణులే ఎక్కువగా సంచరిస్తారు. అది శృంగార ముక్తక సంకలనమే అయినా, పల్లెవాసికి అధికారం ఏ ముఖంతో ఎదురయ్యేదో దాని ద్వారా తెలుస్తుంది.

అయితే పోలికకు హద్దు ఉన్నది. ఏటేటా మారే ఎన్నికల పదవులు, సామాన్యుల పక్షాన అడ్డుచెప్పే ట్రిబ్యూన్, బహిరంగంగా నిలిపిన న్యాయఫలకాలు రోమ్ ప్రత్యేకతలు. గోదావరీ తీరంలో అటువంటి వ్యవస్థకు ఆధారం లేదు. గహపతుల దానాలను చూసి గణరాజ్యాన్ని ఊహించడం, మహాతలవరుని నాణెం చూసి మరొక రాజవంశాన్ని కల్పించడం, రెండూ ఒకే తరహా తొందరపాట్లు.

ఉపసంహారం

ప్రాంతీయ గౌరవం చరిత్ర పరిశోధనకు ప్రేరణ కావచ్చును గాని ప్రమాణం కాజాలదు. గోభదుడు తొలి తెలుగు రాజు అనే ప్రకటనలో 'రాజు' అన్న మాటకు నాణెం సాక్ష్యం. 'తొలి' అన్నది నేటివరకు దొరికిన ఆధారాలకు లోబడిన మాట. 'తెలుగు' అన్నది ప్రాకృత నాణెం మీద నేరుగా చదవగలిగేది కాదు, ప్రాంతాన్ని బట్టి చేసే అనుమానం. ఈ మూడు మాటల బలం ఒకటి కాదని గుర్తించినప్పుడే ఆ ప్రకటన విమర్శకు తట్టుకొంటుంది.

రోమ్ చరిత్రకారులు 'రెక్స్' అనే పదాన్ని పట్టుకొని రాజరికపు జాడ తీసినట్లే, తలవర, గుమిక, గహపతి, గామణి పదాల దేశ్య రూపాలను, ఊరి పేర్లలోను ఇంటి పేర్లలోను వాటి శేషాలను తెలుగు సాహిత్య, భాషా పరిశోధకులు వెలికితీయవలసి ఉన్నది. ఈ పని పురావస్తు శాఖది మాత్రమే కాదు. శ్రీపాద ఎల్లంపల్లి జలాశయపు నీరు కోటిలింగాల తీరాన్ని తాకిన నేపథ్యంలో, అక్కడి మట్టి ఇవ్వగల సాక్ష్యానికి గడువు తగ్గుతున్నది. ఆ పరిసర గ్రామాల నోట నిలిచిన మాటలకు ఉన్న గడువు కూడా పెద్దది కాదు.