దమ్ము సీజన్‌లో మొరాయించే ఆయిల్ సీల్: షాఫ్ట్‌కు గీత పడకుండా తీసే విధానం

బాపట్ల, రేపల్లె, తెనాలి ప్రాంతాల్లో కాలువకు నీరు రాగానే దమ్ములు ఒక్కసారిగా మొదలవుతాయి. నారు ముదరకముందే నాట్లు పడాలి కాబట్టి ట్రాక్టరు, రోటావేటరు రోజంతా బురదలోనే ఉంటాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే గేర్ బాక్సు దగ్గర నూనె చెమ్మ కనబడుతుంది. నాట్లయ్యాక చూద్దాంలే అని చాలామంది వదిలేస్తారు. నూనె బయటకు వచ్చే దారినే బురద నీరు లోపలికి పోతుందని గుర్తుంచుకోండి. గేర్ ఆయిల్ పాలు కలిపిన టీ రంగుకు మారితే లోపల నీరు చేరినట్లే. ఆ దశలో సీల్ ఒక్కటి మారిస్తే సరిపోదు, బేరింగులు, గేర్లు కూడా దెబ్బతింటాయి.

ట్రాక్టరు వెనుక ఇరుసు సీల్ కారితే ప్రమాదం ఇంకా ఎక్కువ. పొడి బ్రేకులున్న పాత ట్రాక్టర్లలో ఆ నూనె బ్రేకు లైనింగు మీదకు చేరుతుంది. ఒక పక్క బ్రేకు పట్టి, రెండో పక్క పట్టకపోతే బండి పక్కకు లాగేస్తుంది. కాలువ కట్ట మీద ధాన్యం ట్రక్కుతో వెళ్లేటప్పుడు అలా జరిగితే ఏమవుతుందో మీకు చెప్పనక్కర్లేదు. ఇరుసు బయటకు లాగి చేయాల్సిన ఆ పని వర్క్‌షాపుకే వదిలేయండి, అంతవరకు బండి రోడ్డెక్కించకండి. ఇక్కడ చెప్పేది రోటావేటరు గేర్ బాక్సు, పవర్ టిల్లరు వంటి వాటిలో షాఫ్ట్ దాని చోట ఉండగానే బయటకు కనబడే సీల్ గురించి.

ముందుగా సీల్ నిజంగా పాడైందో లేదో చూడండి. గేర్ బాక్సు పైన గాలి పోయే చిన్న బ్రీదరు ఉంటుంది. అది మట్టితో మూసుకుపోతే, వేడెక్కిన గాలికి దారి లేక మంచి సీల్ నుంచి కూడా నూనె తోసుకువస్తుంది. నూనె గీత దాటి ఎక్కువ పోసినా ఇంతే. బ్రీదరు శుభ్రం చేసి, నూనె మట్టం సరిచేసి ఒక పూట నడిపి చూడండి. అప్పటికీ కారుతుంటే సీల్ మార్చాల్సిందే.

ఇంజను ఆపి, తాళం జేబులో వేసుకుని, పీటీవో షాఫ్ట్ విప్పాకే పని మొదలుపెట్టండి. రోటావేటరును హైడ్రాలిక్ మీద వేలాడదీసి కింద చేతులు పెట్టకూడదు. గట్టి నేల మీద చెక్క దిమ్మెలపై దించాలి. నూనె పూర్తిగా డబ్బాలోకి తీసి, సీల్ చుట్టూ మట్టి లేకుండా తుడవండి. సీల్ అంచు హౌసింగ్ ముఖం నుంచి ఎంత లోతులో ఉందో కొలిచి రాసుకోండి.

సీల్ అంటే రబ్బరు ముక్క అనుకుంటాం గానీ లోపల ఇనుప రింగు ఉంటుంది. అది హౌసింగ్‌లో బిగుతుగా కూర్చుని, నీరు తగిలి తుప్పుతో అతుక్కుంటుంది. నిజాంపట్నం వైపు ఉప్పునీటి నేలల్లో ఇది మరీ ఎక్కువ. అందుకని సీల్ అంచు చుట్టూ తుప్పు వదిలించే నూనె వేసి రాత్రంతా వదిలేయండి. మర్నాడు కొక్కెం లాంటి సీల్ పుల్లరుతో, హౌసింగ్ మీద చెక్కముక్క ఆనించి, ఒకేచోట కాకుండా చుట్టూ కొద్దికొద్దిగా లేపండి.

అయినా కదలకపోతే చాలాచోట్ల ఉలి, సుత్తి తీస్తారు. నష్టమంతా అక్కడే జరుగుతుంది. సీల్ ఎలాగూ పారేసేదే, దాన్ని ఎంత చీల్చినా ఫర్వాలేదు. షాఫ్ట్‌కు గీత పడితే మాత్రం కొత్త సీల్ పెదవి అక్కడ ఆనక మళ్లీ కారుతుంది. హౌసింగ్‌కు గాటు పడితే నూనె సీల్ బయటి అంచు పక్కనుంచి వస్తుంది.

ఉలికి బదులు ఇలా చేయండి. షాఫ్ట్‌కూ హౌసింగ్‌కూ సరిగ్గా మధ్యలో, సీల్ ముఖం మీద ఎదురెదురుగా రెండుచోట్ల 3 మి.మీ. బిట్‌తో రంధ్రాలు వేయండి. పైన రబ్బరు పూత ఉన్నా కింద ఇనుమే తగులుతుంది. వెనకే బేరింగు ఉంటుంది కాబట్టి బిట్ కొసన 4 మి.మీ. వదిలి పైన టేపు చుట్టండి, అంతకు మించి దిగకూడదు. బిట్‌కు గ్రీజు రాస్తే ఇనుప రజను లోపల పడకుండా దానికే అంటుకుంటుంది. రంధ్రాల్లో రేకు స్క్రూలు రెండు మూడు చుట్లు బిగించి, తలలు బయటకు ఉంచండి. పంజా సుత్తితో ఒకసారి ఈ స్క్రూ, ఒకసారి ఆ స్క్రూ లాగుతుంటే సీల్ వంకర పోకుండా బయటకు వస్తుంది. ఓపిక కావాలి, అంతే.

గ్యాస్ మంట పెట్టవద్దు. బేరింగు పాడవుతుంది, పైగా కొన్ని రకాల సీల్ రబ్బరు కాలితే చర్మాన్ని తినేసే విషపు ఆమ్లం పుడుతుంది. కాలి జిగురుగా మారిన సీల్ ఎక్కడైనా కనబడితే ఒట్టి చేతులతో ముట్టుకోకండి.

పాత సీల్ వచ్చాక షాఫ్ట్ చుట్టూ చూడండి. నైలాన్ దారం, వల ముక్క, వరి గడ్డి చుట్టుకుని ఉంటే సీల్ పోవడానికి కారణం అదే. షాఫ్ట్ మీద గోరు నిలువుగా గీయండి. గోరు తట్టుకునేంత గాడి ఉంటే రిపేరు స్లీవు తొడిగించాలి, లేదా చోటుంటే కొత్త సీల్‌ను 1–2 మి.మీ. జరిపి, పెదవి గాడి మీద పడకుండా కూర్చోబెట్టాలి. షాఫ్ట్‌ను చేత్తో ఊపితే ఆడుతుంటే బేరింగు అరిగింది. దాన్ని మార్చకుండా సీల్ ఒక్కటే వేస్తే నాలుగు రోజులు కూడా ఆగదు.

కొత్తది కొనేటప్పుడు పాత సీల్ మీది అంకెలు చూపించండి. 35-62-10 అని ఉంటే షాఫ్ట్ 35 మి.మీ., బయటి వ్యాసం 62, మందం 10 అని అర్థం. బురద పనికి దుమ్ము పెదవి అదనంగా ఉన్న రెండు పెదవుల సీల్ అడగండి. స్ప్రింగు ఉన్న వైపు నూనె వైపుకు రావాలి. పెదవికి గ్రీజు రాసి, షాఫ్ట్ పళ్ల మీద టేపు చుట్టి, సీల్ వ్యాసానికి సరిపడే పైపు ముక్క ఆనించి, రాసుకున్న లోతు వరకు తిన్నగా కొట్టండి.

యంత్రం పుస్తకంలో చెప్పిన గ్రేడు నూనె, గీత వరకే పోయండి. గంటసేపు నడిపాక ఆపి, సీల్ చుట్టూ పొడి గుడ్డతో తుడిచి చూడండి. తీసిన నూనెను పంట కాలువలో పారబోయకుండా మూతపెట్టి మెకానిక్ షెడ్డులో ఇచ్చేయండి.